రాజులు దిగిన స్టేషను: వుల్ఫర్టన్ చెప్పే పాఠం

ఒక ఊరికి రైల్వే స్టేషను ఎందుకు వస్తుంది? వచ్చిన స్టేషను ఎందుకు మూతపడుతుంది? చరిత్ర విద్యార్థులుగా మేము ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుతూ ఇంగ్లండులోని ఒక చిన్న పల్లె స్టేషను గురించి చదివాము. దాని పేరు వుల్ఫర్టన్. లండనుకు ఉత్తరాన నార్ఫోక్ జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉంటుంది. చిన్న పల్లె అయినా బ్రిటిష్ రాజులు, రాణులు ఆ ప్లాట్‌ఫారం మీద దిగారు. అయినా ఆ స్టేషను బతకలేదు. ఎందుకు బతకలేదో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లైను ఎలా వచ్చింది?

కింగ్స్ లిన్ అనే పట్టణం నుండి హన్‌స్టాంటన్ అనే సముద్రతీర గ్రామానికి 15 మైళ్ళ రైలు మార్గం 1862 అక్టోబరులో మొదలైంది. 15 మైళ్ళంటే సుమారు 24 కిలోమీటర్లు. ఈ లైను రాజు కోసం వేసింది కాదు. హన్‌స్టాంటన్‌లో భూములున్న హెన్రీ స్టైల్‌మన్ లె స్ట్రేంజ్ అనే భూస్వామి అక్కడ ఒక విహార పట్టణం కట్టాలనుకున్నాడు. జనం రావాలంటే రైలు కావాలి. అందుకని ఆయన రైలు కంపెనీకి అండగా నిలిచాడు. లైను మొదలు కాకముందే, అదే సంవత్సరం ఆయన చనిపోయాడు. నేల చదునుగా ఉండడం వల్ల లైను వేయడానికి ఖర్చు పెద్దగా కాలేదు. వేసవిలో సముద్ర స్నానానికి వచ్చే జనంతో కంపెనీకి మంచి లాభాలే వచ్చాయి.

సరిగ్గా 1862లోనే విక్టోరియా రాణి పెద్ద కొడుకు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ కోసం సాండ్రింగ్‌హామ్ అనే ఎస్టేటును కొన్నారు. ఆ భవనానికి దగ్గరి స్టేషను వుల్ఫర్టన్. రెండింటి మధ్య దూరం సుమారు 4 కిలోమీటర్లు. యువరాజు అక్కడ కాపురం పెట్టడంతో పల్లె స్టేషను దశ తిరిగింది.

స్టేషను వైభవం

రాజకుటుంబం కోసం 1876లో ప్రత్యేక విశ్రాంతి గదులు కట్టారు. 19వ శతాబ్దం చివర్లో లైనును డబుల్ చేసి, 1898లో రెండో ప్లాట్‌ఫారం మీద ఇంకా పెద్ద గదులు కట్టారు. వాటి నమూనా గీసింది గ్రేట్ ఈస్టర్న్ రైల్వే కంపెనీ ఆర్కిటెక్టు డబ్ల్యు. ఎన్. యాష్‌బీ. ఆ ప్రాంతంలో దొరికే గోధుమరంగు రాతితో, కలప చట్రాలతో కట్టిన ఆ భవనం స్టేషనులా కాక పాతకాలపు బంగళాలా కనిపిస్తుంది. దీపస్తంభాల మీద కిరీటాలు పెట్టారు.

ఇక్కడ ఒక తమాషా విషయం చెప్పుకోవాలి. వేటకు పగటి వెలుగు ఎక్కువసేపు దొరకాలని ఆల్బర్ట్ ఎడ్వర్డ్ సాండ్రింగ్‌హామ్ గడియారాలను అరగంట ముందుకు తిప్పించాడు. ఆయన ఏడవ ఎడ్వర్డ్ రాజు (1901-1910) అయ్యాక, ఆ తర్వాత ఆయన కొడుకు కాలంలో కూడా ఆ పద్ధతి సాగింది. 1936లో దాన్ని ఎత్తేశారు. కానీ రైళ్ళు మాత్రం గ్రీన్‌విచ్ సమయం ప్రకారమే నడిచాయి. రాజు తన ఇంటి గడియారాన్ని మార్చగలిగాడు గాని రైలు టైమ్‌టేబుల్‌ను మార్చలేదు. ఎందుకంటే ఆ టైము ఆయన ఒక్కడిది కాదు, అందరిదీ.

రాజుల చివరి ప్రయాణాలకు కూడా ఈ స్టేషను సాక్షి. ఐదవ జార్జి 1936 జనవరి 20న సాండ్రింగ్‌హామ్‌లో చనిపోయాడు. ఆయన శవపేటికను వుల్ఫర్టన్‌లోనే రైలు ఎక్కించి లండనులోని కింగ్స్ క్రాస్ స్టేషనుకు తీసుకుపోయారు. ఆయన కొడుకు ఆరవ జార్జి కూడా 1952 ఫిబ్రవరి 6న అక్కడే చనిపోయాడు. 11వ తేదీన ఆయనా అదే దారిలో వెళ్ళాడు.

మూత పడిన కథ

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో కార్లు, బస్సులు, లారీలు పెరిగాయి. 1948లో జాతీయం చేసిన రైల్వేలు నష్టాల్లో పడ్డాయి. 1963లో డాక్టర్ రిచర్డ్ బీచింగ్ ఒక నివేదిక ఇచ్చాడు. దేశంలోని రైలు మార్గంలో మూడోవంతు మీద నూటికి ఒక్క వంతు ప్రయాణమే జరుగుతోందని అందులో చూపించాడు. రెండువేల మూడువందలకు పైగా స్టేషన్లను మూసేయమన్నాడు. ఆ తర్వాత ఏళ్ళలో దేశమంతటా పల్లె లైన్లు ఒక్కొక్కటే పోయాయి.

హన్‌స్టాంటన్ లైనుకు వేసవిలో జనం, చలికాలంలో ఖాళీ పెట్టెలు. 1960లలో ఖర్చు తగ్గించడానికి చాలా భాగం మళ్ళీ సింగిల్ లైను చేశారు, స్టేషన్లలో సిబ్బందిని తగ్గించారు. సౌకర్యం తగ్గితే జనం తగ్గుతారు. జనం తగ్గితే ఆదాయం తగ్గుతుంది. చివరికి 1969 మే నెలలో లైను మూసేశారు. కవి జాన్ బెట్జెమన్ 1962లో ఈ లైనులో ప్రయాణిస్తుండగా ఒక చిన్న సినిమా తీశారు. ఈనాడు ఆ రైలును చూడాలంటే ఆ సినిమాలోనే చూడాలి.

వుల్ఫర్టన్ స్టేషను కొంతకాలం మ్యూజియంగా నడిచింది. తర్వాత సొంతదారుల ఇల్లయింది. చారిత్రక కట్టడంగా దానికి చట్ట రక్షణ ఉంది. ప్లాట్‌ఫారం ఉంది, కిరీటాల దీపాలున్నాయి. పట్టాలు మాత్రం లేవు.

మనం గమనించవలసినది

మా ఇళ్ళలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. రాజుల పేర్లు, తేదీలు బట్టీ పట్టి పరీక్షలు రాసినప్పుడు ఆ చరిత్ర మాది కాదేమో అనిపించేది. కానీ ఈ స్టేషను కథలో మాకు రాజుకంటే టిక్కెట్టు కొన్న మనిషే ముఖ్యంగా కనిపించాడు.

ఒకటి: కిరీటం స్టేషనుకు అందం తెచ్చింది గాని రోజువారీ ఆదాయం తేలేదు. లైనును వందేళ్ళు నడిపింది సముద్రం చూడడానికి వచ్చిన జనం, సంతకు పోయే రైతులు, బడికి పోయే పిల్లలు. వాళ్ళు తగ్గిన రోజున రాజభవనం పక్కనే ఉన్నా లైను నిలవలేదు.

రెండు: లెక్క ఎలా వేశారన్నది కూడా చూడాలి. బీచింగ్ లెక్కల మీద ఒక ముఖ్యమైన విమర్శ ఉంది. స్టేషను ఆదాయమంటే ఆ స్టేషనులో అమ్మిన టిక్కెట్ల డబ్బు. దూరపు నగరంలో రానూపోనూ టిక్కెట్టు కొని సముద్రతీరానికి వచ్చిన మనిషి డబ్బు నగరం ఖాతాలో పడుతుంది. దిగిన ఊరి ఖాతాలో సున్నా. అంకె అబద్ధం కాదు, కానీ అది సగం నిజమే చెబుతుంది.

మూడు: లైను పోతే ఎవరికి నష్టం? రాజకుటుంబానికి కార్లున్నాయి. వాళ్ళు కింగ్స్ లిన్‌లో దిగి, పది పన్నెండు కిలోమీటర్లు కారులో పోయారు. కారు లేని ముసలివాళ్ళు, కూలివాళ్ళు, పిల్లలు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డారు. కింగ్స్ లిన్ నుండి లండనుకు మాత్రం రైలు ఇప్పటికీ నడుస్తోంది. రెండవ ఎలిజబెత్ రాణి (మరణం 2022) తన చివరి దశాబ్దాలలో క్రిస్మస్‌కు సాండ్రింగ్‌హామ్ వెళ్ళేటప్పుడు చాలాసార్లు ఆ మామూలు రైల్లోనే, మామూలు ప్రయాణికులున్న బండిలోనే వెళ్ళింది. రాజుల కోసం కట్టిన స్టేషను పోయింది. జనం ఎక్కే రైలు మిగిలింది. చివరికి రాణి కూడా దాన్నే ఎక్కింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకు మనం ఇళ్ళకు వెళ్ళేది ప్యాసింజర్ బండిలోనో, పల్లెవెలుగు బస్సులోనో. “ఆదాయం లేదు కాబట్టి ఈ బస్సు ఆపేస్తున్నాం” అనే మాట మన ఊళ్ళకూ కొత్త కాదు. అలాంటి మాట విన్నప్పుడు కోపగించుకుని ఊరుకోకుండా మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకుందాం. ఈ లెక్క ఎవరు వేశారు? ఏ రోజుల్లో, ఏ స్టాపులో లెక్కపెట్టారు? బండి ఆగితే ఎవరు నడవాలి? ఈ ప్రశ్నలు అడగడానికి గణితం కావాలి, చరిత్ర కావాలి, అర్జీ రాయగల భాష కావాలి. మనం హాస్టల్లో ఉండి చదువుకుంటున్నది అందుకే.