సిగ్నల్ పోయాక గేట్‌వే ఏం చేయాలి?

మన ల్యాబ్‌లో ఐఓటీ గేట్‌వే అంటే ఒక రాస్‌ప్‌బెర్రీ పై, ఒక వైఫై రూటర్, క్లౌడ్‌లో ఒక డాష్‌బోర్డు. సెమిస్టర్ గట్టెక్కడానికి అది చాలు. విశాఖలో నిజంగా పెట్టాలంటే మాత్రం చాలదంటాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా ఈ ఊరి దగ్గరే తీరం దాటింది. కరెంటు, సెల్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు ఏ ట్యాంకు మీదో బ్యాటరీతో నడిచే సెన్సర్ ఉందనుకోండి. రీడింగ్ వస్తూనే ఉంటుంది, పంపే దారే ఉండదు.

హార్డ్‌వేర్ చూద్దాం. ఫ్యాక్టరీల్లో సెన్సర్ల వైపు ఎక్కువగా కనిపించేది ఆర్‌ఎస్-485 లైను, దాని మీద మోడ్‌బస్. 1979లో పుట్టిన ప్రోటోకాల్, ఇంకా రిటైర్ కాలేదు! దూరంగా ఉన్నవాటికి లోరా. మధ్యలో లినక్స్ నడిపే ఆర్మ్ ప్రాసెసర్, బయటి వైపు ఈథర్‌నెట్, 4జీ. ఉక్కు మిల్లులో పెద్ద మోటార్ల నాయిస్ లోపలికి రాకుండా 485 పోర్టుకి ఐసొలేషన్ కావాలి. పోర్టు దగ్గరైతే ఉప్పుగాలికి బోర్డు తుప్పు పట్టకుండా పైన కోటింగ్ వేయాలి. ప్రోగ్రామ్ బిగుసుకుపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్, కరెంటు పోయినా టైము మర్చిపోని ఆర్‌టీసీ కూడా ఉండాలి.

సాఫ్ట్‌వేర్‌లో మొదటి పని అనువాదం. మోడ్‌బస్ రిజిస్టర్‌లో 253 అని ఉంటే, ఆ సెన్సర్ మాన్యువల్ ప్రకారం అది 25.3 డిగ్రీలని తెలుసుకుని ఎంక్యూటీటీ మెసేజ్‌గా మార్చడం. రెండోది దాచుకోవడం. లింక్ లేనప్పుడు ప్రతి రీడింగ్‌నీ టైముతో సహా ఎస్‌క్యూలైట్‌లో పెట్టి, లింక్ రాగానే వరసగా పంపాలి. మూడోది అక్కడికక్కడే నిర్ణయం. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగునే ఉందని, వేడి పెరిగింది పైభాగంలో అని, సైరన్ మోగలేదని హైపవర్ కమిటీ నివేదిక చెప్పింది. సెన్సరే లేని చోటు గురించి ఏ గేట్‌వే అయినా ఏం చెప్పగలదు? డాష్‌బోర్డులో అంతా పచ్చగానే కనిపిస్తుంది. అందుకే కోడ్ కంటే ముందు సెన్సర్ ఎక్కడ పెట్టాలో కెమికల్ బ్రాంచి వాళ్లని అడగండి. అలారం రూలు గేట్‌వేలోనే ఉండాలి, క్లౌడ్ దాకా వెళ్లొచ్చే పని పెట్టుకోకూడదు. అసలు ప్రాణాలకు సంబంధించిన సైరన్‌కైతే గేట్‌వేతో పనిలేకుండా నేరుగా మరో వైరింగ్ ఉండాల్సిందే.

ఈసారి ప్రాజెక్టు డెమోకి ముందు రెండు పరీక్షలు పెట్టండి. రెండు గంటలు సిమ్ తీసేసి మళ్లీ పెట్టాక, పాత రీడింగులు పాత టైముతోనే వచ్చాయా చూడండి. తర్వాత ఒక సెన్సర్ వైరు పీకండి. స్క్రీన్ మీద చివరి అంకె అలాగే నిలబడిపోయిందా, "రీడింగ్ రావట్లేదు" అని అలారం వచ్చిందా?