ముఖమే తాళంచెవి!



శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులు గేటు దగ్గర కార్డు తీయరు, కాగితం చూపరు. కెమెరా ముందర నిలబడితే గేటు తెరుచుకుంటది. దీని పేరు డిజియాత్ర. 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై, 2023లో హైదరాబాదుకు, విజయవాడకు వచ్చింది. పట్నంలో ఆఫీసుల తలుపులకు కూడా ఇట్లాంటి మిషన్లు పెడుతున్నారు. అవి మనిషిని ఎట్ల గుర్తుపడతాయో నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

1. ముందుగా మన ఫోటో తీసి, కళ్లు, ముక్కు, దవడల తీరును బట్టి ముఖాన్ని అంకెల వరుసగా మార్చి దాచుకుంటది.

2. గేటు ముందర నిలబడినప్పుడు మళ్లీ ఫోటో తీసి, మళ్లీ అంకెలు చేస్తది.

3. రెండు వరుసలూ ఎంత పోలి ఉన్నాయో లెక్క చూస్తది. ఆ పోలిక హద్దు దాటితే తలుపు తెరుస్తది, లేకుంటే లేదు.

ఆ హద్దు పెట్టేది మనిషే. పరీక్షకు పాసు మార్కు పెట్టినట్టన్నమాట. తగ్గిస్తే పరాయివాడు లోపలికి వస్తడు. పెంచితే మనవాడే బయట ఆగిపోతడు.

అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ 2019లో ఇట్లాంటి 189 లెక్క పద్ధతులను పరీక్షించింది. ఒకరిని చూసి మరొకరనుకునే తప్పు తెల్లజాతివారికన్నా ఆసియా, ఆఫ్రికా మూలాలవారి విషయంలో చాలా పద్ధతుల్లో ఎక్కువని తేలింది. కొన్నింటిలో 10 నుంచి 100 రెట్లు! ఆడవారు, ముసలివారు, పిల్లల విషయంలో కూడా ఎక్కువే.

హాస్టళ్లలో ఉండేది పిల్లలే కదా! ఐదో తరగతిలో తీసిన ఫోటో పదో తరగతికి పోలకపోవచ్చు. పైగా తాళంచెవి పోతే తాళం మార్చుకోవచ్చు. ముఖం వివరాలు దొంగల చేతిలో పడితే ముఖం మార్చుకోలేం.

కాబట్టి ఎక్కడ ఈ మిషన్ పెట్టినా మూడు ప్రశ్నలు అడగాలె.

మా ఫోటోలు ఎన్ని రోజులు ఉంచుతరు? (డిజియాత్రలో విమానం వెళ్లిన 24 గంటల్లో తీసేయాలని నియమం.)

అమ్మానాన్నలను అడిగిన్రా?

మిషన్ కాదంటే గేటు తీసే మనిషి ఎవరు?

నాకు మూడోదే ముఖ్యం. చీకటి పడ్డాక పెద్దవంగరలో బస్సు దిగి వచ్చిన పిల్లను మిషన్ గుర్తుపట్టకపోతే, ఆ పిల్ల బయటే నిలబడకూడదు. వాచ్‌మన్ పేరు అడగాలె, రిజిస్టరు చూడాలె, గేటు తీయాలె. మిషన్ ఆయనకు సాయం కావాలె గాని, ఆయన బదులు కాకూడదు.