జంతుశాలకు వెళ్ళే ముందు



సెలవులు వచ్చినప్పుడు మన సంఘములలో పిల్లలను, యౌవనస్థులను ఎక్కడికైనా తీసుకొని వెళ్ళుట వాడుక. చెన్నైలోని మనవారికి ముందుగా తోచే చోటు వండలూరు. మైసూరు వారికి 1892లో ఆరంభమైన జంతుశాల ఉన్నది, ఒడిశాలోని వారికి 1960 నాటి నందన్‌కానన్ ఉన్నది. ఎక్కడికి వెళ్ళేవారికైనా పనికివచ్చునని తలంచి, మేము వండలూరులో నేర్చుకొన్న దానిని, నేర్చుకొన్నప్పుడు పడిన సిగ్గును కూడ దాచకుండ వ్రాయుచున్నాము.

మన పెద్దలు పల్లెల నుండి మద్రాసు వచ్చిన దినములలో మ్యూజియమును “చచ్చిన కాలేజీ” అని, జంతుశాలను “బతికిన కాలేజీ” అని పిలిచేవారు. ఆ మాట వింటే నవ్వు వచ్చును గాని అందులో చరిత్ర ఉన్నది. ఆ రెండూ ఒకప్పుడు ఒకే ఆవరణలో ఉన్నవే. 1855లో ఎగ్మూరు మ్యూజియము అధికారియైన ఎడ్వర్డ్ బాల్ఫోర్ అక్కడే జంతుశాలను ఆరంభించాడు. ఆర్కాటు నవాబు పెంచుకొన్న జంతువులు కూడ అక్కడికే చేరినవి. తరువాత అది సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న పీపుల్స్ పార్కుకు మారినది. అక్కడి ఇరుకు బోనులు మా అవ్వలకు ఇంకను జ్ఞాపకమే. 1985లో ఊరి వెలుపల వండలూరు అడవిలో క్రొత్తది తెరచారు. దాని విస్తీర్ణము 602 హెక్టార్లు, అనగా 1,490 ఎకరములకు దగ్గర. ఇనుప ఊచలకు బదులు చాలచోట్ల కందకములే మనకును మృగములకును మధ్య అడ్డు.

ఇక మా సంగతి. రెండేండ్ల క్రితము వేసవిలో ఇరవై ఇద్దరు పిల్లలను వ్యానులో తీసుకొని వెళ్ళాము. దారిలో రొట్టెలు, చిప్సు పొట్లములు కొన్నది పెద్దలమైన మేమే. జింకల ఆవరణ దగ్గరకు రాగానే ఒక బాబు కంచె సందులోనుండి రొట్టె అందించాడు. జింక తిన్నది. పిల్లలందరు చప్పట్లు కొట్టారు. మేమును నవ్వుతూ చూస్తున్నాము. రెండవసారి రొట్టెతో పాటు దాని కవరు కూడ లోపల పడినది. ఉప్పు, నూనె వాసన అంటిన కవరు గనుక జింక దానిని కూడ నమిలి మింగినది.

కాపలా ఆయన పరుగున వచ్చాడు. కేకలు వేస్తాడనుకొన్నాము, వేయలేదు. అరవములో మెల్లగా అడిగాడు: “అయ్యా, మీ బాబు ఇచ్చింది ఒక్క ముక్కే. ఈ రోజు వచ్చే జనమంతా తలా ఒక ముక్క ఇస్తే దీని కడుపు ఏమవుతుంది?” మా దగ్గర జవాబు లేదు. ఏ జింకయో గుర్తుపెట్టుకొని ఆయన డాక్టరుకు చెప్పుటకు వెళ్ళాడు. అది తరువాత ఏమైనదో మాకు తెలియలేదు. తిరుగు ప్రయాణములో ఆ బాబు ఎవరితోను మాట్లాడలేదు. తప్పు వాని మీద వేయుట సులువే గాని, రొట్టె వాని చేతికి ఇచ్చినవారము మేమే.

ఈ సంగతిని కొంచెము వివరముగా తెలిసికొనుట మంచిది. జింక, ఆవు వలె నెమరువేసే జంతువు. ఆకు, గడ్డి అరిగించుకొనుటకు దాని కడుపులో సూక్ష్మజీవులు పని చేయును. రొట్టె, అన్నము వంటివి ఒక్కసారిగా ఎక్కువ పడితే అవి పులిసి, పులుపు పెరిగి, జంతువు ప్రాణము మీదికి వచ్చును. ప్లాస్టిక్ అయితే అరగదు, కరగదు. కడుపులో ఉండలు కట్టి మేతకు చోటు లేకుండ చేయును. మన వీధులలో కవర్లు తిని చచ్చిన ఆవులను ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో తరువాత చేర్చిన 38జె సెక్షను దీనినే నిషేధించుచున్నది. జంతువులను ఏడిపించుట, మేత పెట్టుట, శబ్దముతో బెదరించుట, ఆవరణలో చెత్త వేయుట, ఇవన్నియు నేరములే. బోర్డు మీద వ్రాసినది ఉత్త మర్యాద మాట కాదన్నమాట.

“సింహం కదలనే లేదు, డబ్బు దండగ” అని గొణిగేవారు ప్రతి గుంపులోను ఉంటారు. సింహము దినములో ఇరవై గంటల వరకు పడుకొనగలదు. మధ్యాహ్నపు ఎండలో వెళ్ళి, అది లేవలేదని రాయి విసరుట ఏమి న్యాయము? గేటు తెరిచే వేళకే వెళ్ళితే కొంత నడక చూడవచ్చును. అయితే ఒకే గీత మీద గంటల తరబడి ఇటు అటు తిరిగే మృగము కనబడితే అది హుషారు అనుకొనవద్దు. విసుగుకు, వత్తిడికి అది గుర్తు. అసలు వీటిని ఇట్లు ఉంచుట సరియేనా అని మా యౌవనస్థులలో ఒక అమ్మాయి అడిగినది. అంతరించిపోవు జాతులను పెంచుటకు ఇట్టి స్థలములు ఉపయోగపడుచున్నవి. నందన్‌కానన్‌లో 1980లో ఘరియాల్ మొసళ్ళు పిల్లలను చేసినవి. ఇది నిజమే గాని, ఆ అమ్మాయి ప్రశ్న అంతటితో తీరిపోదని మా అభిప్రాయము.

ఇంకొకటి. జబ్బుతో వెళ్ళవద్దు. 2021లో కోవిడ్ హైదరాబాదు జంతుశాలలోని ఎనిమిది సింహములకు సోకినది. అవి కోలుకొన్నవి. ఆ ఏడు జూను నెలలో వండలూరులో నీలా అను తొమ్మిదేండ్ల ఆడసింహము, తరువాత పద్మనాథన్ అను మగసింహము చనిపోయినవి. జనమును లోపలికి రానివ్వని దినములలోనే అది జరిగినది. దగ్గుతున్న పిల్లవానిని “పాపం, ఆశపడుతున్నాడు” అని తీసుకొని వెళ్ళేవారు దీనిని జ్ఞాపకము చేసికొనవలెను.

వండలూరుకు మంగళవారము సెలవు. ఒకసారి మేము అది తెలియక గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చాము. ఈ ఏడు మళ్ళీ బయలుదేరుచున్నాము. భోజనము వ్యానులోనే ముగించి, చేతిలో నీళ్ళ సీసా తప్ప ఏమియు లేకుండ లోపలికి పోవలెనని నిర్ణయించాము. ఎవరి దగ్గరైనా కవరు మిగిలితే వేయుటకు ఒక గుడ్డ సంచి తెస్తానని ఆ బాబే చెప్పాడు. వాళ్ళ అమ్మ పాత చీరతో కుట్టి ఇచ్చినది.