‘అదేం లేదమ్మా’ అనకండి

ఏమర్రా, వంటలయ్యాయా? కాసేపిలా కూర్చోండి. మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మొన్న మా వీధికి ఆశా కార్యకర్త వచ్చింది. బీపీ, షుగరు, పొగాకు అలవాటు అన్నీ అడిగి ఫారం నింపుకుంటోంది. మా అత్తయ్య దగ్గరికొచ్చేసరికి ఇంకో ప్రశ్న వేసింది: “అయినవాళ్ల పేర్లు గానీ, ఇంటి అడ్రసు గానీ మర్చిపోతున్నారా?” అరవై దాటినవాళ్లను అడగాల్సిన ప్రశ్నట. అత్తయ్య నోరు తెరిచేలోపే నేనే అందుకున్నాను: “అదేం లేదమ్మా. కాస్త చాదస్తం, అంతే.”

పచ్చి అబద్ధం! పులుసులో రెండుసార్లు ఉప్పేస్తోంది. తాళాలు బియ్యం డబ్బాలో దొరుకుతున్నాయి. ఒకరోజైతే నన్నే పట్టుకుని “ఏ ఊరమ్మా మీది?” అంది. నేను కసురుకున్నాను కూడా. బయటికి తెలిస్తే పిచ్చనుకుంటారేమోనని భయం.

చాదస్తం అనే మాటుంది చూశారూ, అది జబ్బు మీద కప్పిన దుప్పటి. మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే అంచనా. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఎందుకంటారా? చిన్నప్పుడు చదువు లేకపోవడం కూడా ఈ జబ్బుకు దారి తీసే కారణాల్లో ఒకటి. మన అమ్మమ్మల్ని బడికి పంపిందెవరు చెప్పండి?

2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ అలాంటి కారణాలు 14 లెక్కపెట్టింది. అవన్నీ సరిచేసుకుంటే నూటికి 45 కేసులు రాకుండానో, ఆలస్యంగా వచ్చేలానో చేయొచ్చంది. బీపీ, షుగరు, పొగ, తలకు దెబ్బ, చూపు మందగించడం, ఒంటరితనం... ఆ జాబితాలో చెవుడు కూడా ఉంది. ఆలోచిస్తే నిజమే కదా! వినపడకపోతే జవాబివ్వరు. జవాబివ్వకపోతే మనం పలకరించడం మానేస్తాం. మెల్లగా మంచానికీ గోడకూ మధ్య మిగిలిపోతారు. ఇక బుర్రకు పనేది?

మాటల సంగతి వచ్చింది కాబట్టి మన హైదరాబాద్ ముచ్చటొకటి చెప్పాలి. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే తెలిసినవాళ్లకంటే, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. కూరగాయల బండి దగ్గర తెలుగూ ఉర్దూ కలిపి బేరమాడే మన పెద్దమ్మలు తెలియకుండానే బుర్రకు కసరత్తు చేయిస్తున్నారన్నమాట!

ఇక సర్కారు సంగతి. మన పొరుగున కర్ణాటక, బెంగళూరు నిమ్హాన్స్‌తో కలిసి 2022లో మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ, జిల్లా ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్కులు. మన జిల్లా ఆసుపత్రిలోనూ వారానికో రోజు అలాంటి ఓపీ పెట్టమని అడగొద్దూ? అడగాలంటే ముందు మనవాళ్లు లెక్కలోకి రావాలి. నాలాంటి కోడళ్లంతా ‘అదేం లేదమ్మా’ అంటే, ఆ ఫారాల్లో ఊరంతా భేషుగ్గా ఉన్నట్టే. లేని జబ్బుకు డాక్టరునెవరిస్తారు?

సరే, అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లాం. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా రాశారు. అవి తేడాగా ఉన్నా మతిమరుపు వస్తుందట, మందులతో సరిచేయొచ్చట. బీ12 తక్కువుంది. చెవులైతే సగమే పనిచేస్తున్నాయి. ఇప్పుడు ఇంజెక్షన్లూ, చెవికి మిషనూ. జబ్బు ఏ మేరకుందో ఇంకా చూస్తున్నారు.

నిన్న ఆశా అమ్మాయిని మళ్లీ పిలిచి, ఆ ప్రశ్న ఇంకోసారి అడగమన్నాను. ఈసారి నేను నోరు మెదపలేదు. అత్తయ్యే చెప్పింది: “పేర్లు పోతున్నాయమ్మా. కసిరినవి మాత్రం గుర్తుంటున్నాయి.”