మన నమ్మకానికి కారణం ఏమిటి? ఆధారం ఏమిటి?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ సంచికలో కవితలు, పాటలు, జోకులు చాలానే ఉంటాయి. ఇది మాత్రం కొంచెం నిదానంగా చదవాల్సిన వ్యాసం. దేవుడున్నాడా, లేడా అని తేల్చడం మా ఉద్దేశం కాదు. ఆ చర్చ లైట్లు ఆర్పేశాక ప్రతి గదిలోనూ జరిగేదే, వార్డెన్ గారి చెప్పుల చప్పుడు వినబడగానే ఆగిపోయేదే. మనం అడగాల్సిన ప్రశ్న దానికి ముందుది. ఉన్నాడని నమ్మేవాళ్ళం ఎందుకు నమ్ముతున్నాం? లేడనేవాళ్ళం ఎందుకు లేడంటున్నాం?

‘ఎందుకు’ అనే ఒక్క మాటతో మనం రెండు వేరు వేరు సంగతులు అడుగుతాం. ఊరి బయట పాడుబావిలో నీళ్ళున్నాయని ఒకడు అన్నాడనుకోండి. ఎందుకలా అనుకుంటున్నావని అడిగితే, “మా తాత చెప్పాడు” అనొచ్చు. లేదా “నిన్న చేద వేసి చూశాను” అనొచ్చు. మొదటిది ఆ నమ్మకం అతనిలోకి ఎలా వచ్చిందో చెబుతుంది. అది కారణం. రెండోది ఆ నమ్మకం నిజమని అనుకోవడానికి పనికొచ్చేది. అది ఆధారం. మన దేశపు తర్కశాస్త్రంలో దీన్ని హేతువు అన్నారు. కొండ మీద పొగ కనబడుతోంది గనుక అక్కడ నిప్పుందని చెప్పడంలో పొగ హేతువు. మన ‘హేతువాదం’ అనే మాటలో ఉన్నది ఈ హేతువే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తాత చెప్పినంత మాత్రాన బావిలో నీళ్ళు లేకుండా పోవు. తాత మాట నిజమే కావచ్చు. అంటే కారణం బలహీనంగా ఉందని చూపించినంత మాత్రాన నమ్మకం తప్పని తేలదు, దానికి ఇంకా ఆధారం దొరకలేదని మాత్రమే తేలుతుంది. “నువ్వు ఆ ఇంట్లో పుట్టావు గనుక ఆ దేవుణ్ణి నమ్ముతున్నావు” అని ఎగతాళి చేసే మిత్రులు ఈ తేడా మరిచిపోతారు. అయితే ఆ ఎగతాళిలో మనం తీసుకోవాల్సింది కూడా ఉంది. మనలో ఎక్కువమంది నమ్మకం పుట్టుకతో వచ్చిందే. పక్క వాడలో పుట్టి ఉంటే ఇంకో దేవుడికి ఇంతే గట్టిగా మొక్కేవాళ్ళం. కాబట్టి “ఇంత గట్టిగా అనిపిస్తోంది గనుక నిజమే అయ్యుండాలి” అనే మాట చెల్లదు. గట్టిగా అనిపించడం రెండు వాడల్లోనూ ఒకటే.

ఇప్పుడు మనకు బాగా తెలిసిన ఆధారం ఒకటి పరీక్షిద్దాం. పదో తరగతి పరీక్షలకు ముందు మొక్కుకున్నాం, పాసయ్యాం, కాబట్టి మొక్కు ఫలించింది. లెక్క కోసం ఒక హాస్టల్లో 60 మంది ఉన్నారనుకుందాం. 40 మంది మొక్కుకున్నారు, వాళ్ళలో 30 మంది పాసయ్యారు. మొక్కని వాళ్ళు 20 మంది, వాళ్ళలో 15 మంది పాసయ్యారు. మనకు గుర్తుండేది ఆ 30 మందే. వాళ్ళే కొబ్బరికాయ కొడతారు, వాళ్ళే చర్చిలో నిలబడి సాక్ష్యం చెబుతారు. మొక్కుకుని ఫెయిలైన 10 మంది సాక్ష్యం చెప్పరు, “నా రాత” అని ఊరుకుంటారు. నాలుగు గళ్ళూ నింపి చూస్తే అటు నూటికి 75, ఇటు నూటికి 75. మొక్కు వల్ల తేడా ఏమీ రాలేదు. దీనితో దేవుడు లేడని రుజువైందా? కాలేదు. ఈ ఒక్క ఆధారం నిలబడలేదు, అంతే. మొక్కుకున్నవాడు పరీక్ష హాల్లో ధైర్యంగా కూర్చున్నాడంటే అది కూడా నిజమే కావచ్చు. కానీ ధైర్యం వచ్చిందనేది వేరే సంగతి.

నమ్మని మిత్రులు ఇంతవరకు తల ఊపుతూ చదివి ఉంటారు. ఇప్పుడు వాళ్ళ వంతు. పీజీకి వచ్చాక నాస్తికులైన వాళ్ళను మేం చాలామందిని చూశాం. ఒకరికి సీనియర్ ఇచ్చిన పుస్తకం. ఇంకొకరికి గుడి మెట్ల దగ్గర ఎదురైన అవమానం. మరొకరికి ఎంత మొక్కినా బతకని తండ్రి. కొందరికి, చెప్పక తప్పదు, నలుగురిలో హేతువాది అనిపించుకోవాలన్న సరదా. ఇవన్నీ కారణాలే. గుడిలోకి రానివ్వకపోవడం ఆ గుడి మీద, దాన్ని నడిపే మనుషుల మీద తిరుగులేని నేరారోపణ. దేవుడు లేడనడానికి మాత్రం అది ఒక్కటే చాలదు, ఇంకా కొంత వాదన కావాలి.

ఈ పని ఎలా చేయాలో భగత్‌సింగ్ చేసి చూపించాడు. 1930 అక్టోబరులో లాహోర్ జైల్లో ఉండగా తోటి ఖైదీ ఒకాయన, పేరు రావడంతో నీకు అహంకారం తలకెక్కింది, నీ నాస్తికత్వం దానివల్లేనని అన్నాడు. ‘నేను నాస్తికుణ్ణి ఎందుకయ్యాను’ అన్న వ్యాసం దానికి సమాధానం. అందులో అతడు ముందు కారణం సంగతి తేల్చుకున్నాడు. తాత ఆర్యసమాజం మనిషి. తాను లాహోర్ డి.ఎ.వి. పాఠశాలలో చదువుతూ హాస్టల్లో ఉన్న ఏడాది (మనలాగే హాస్టలు పిల్లవాడు!) గంటల తరబడి గాయత్రి జపం చేసేవాడు. నమ్మకం పోయింది 1926 చివరికి, అప్పటికి తన పేరు ఎవరికీ తెలియదు. కాబట్టి పేరు వల్ల వచ్చిన గర్వం దీనికి కారణం కాదు. ఇది తేల్చాక గానీ అతడు ఆధారాల జోలికి పోలేదు. సర్వశక్తిమంతుడు, దయామయుడు అయినవాడు ఇంత బాధ ఉన్న లోకాన్ని ఎందుకు చేశాడన్నది అతని ప్రధాన వాదన. ఉరికంబం ఎదురుగా ఉన్నవాడికి నమ్మకం ఓదార్పునిస్తుందని కూడా దాచకుండా ఒప్పుకున్నాడు. ఓదార్పునిస్తుంది గనుక నిజం అనలేదు. 1931 మార్చి 23న ఉరి తీశారు.

మన ప్రాంతంలోనే జరిగిన ఇంకో ఉదాహరణ మన తాతముత్తాతలది. “గంజి కోసం మతం మారినవాళ్ళు” అని మనల్ని ఇప్పటికీ అంటుంటారు గనుక దీన్ని కాస్త వివరంగా చూద్దాం. క్లౌ దొర ఒంగోలుకు వచ్చింది 1866లో. అప్పటికే తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోలుపని చేసుకునే మాదిగవాడు, యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. అంటే దొర రాకముందే ఆయన వెతుకులాటలో ఉన్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో మొదలైంది. చేరినవాళ్ళకు మూడు నియమాలు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి మోతుబరి దగ్గర వెట్టి చేసేవాడు ఆదివారం పనికి రానంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? జాతరలో డప్పు కొట్టనంటే?

తర్వాత 1876–78 కరువు వచ్చింది. మన పెద్దలు చెప్పే ధాత కరువు అదే. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పని క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ పనులు నడిచినంతకాలం బాప్తిస్మం ఇవ్వడం ఆపేశాడు, కూలి కోసం చేరారన్న మాట రాకూడదని. సహాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరు వారాల్లో తొమ్మిది వేలు దాటారు.

దీన్నుంచి ఏం తేలుతుంది? గంజి ఒక్కటే కారణమైతే గంజి దొరికేటప్పుడే ఆగి, దొరకనప్పుడు రావడం కుదరదు. కరువులో ఆదుకున్న మనిషి మీద కృతజ్ఞత కూడా ఒక కారణమయ్యే ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ధర్మకర్త పదవి కోసం భక్తుడైన పెద్దమనిషిని “నీ భక్తికి కారణం ఏమిటి?” అని ఎవరూ అడగరు, ఆ ప్రశ్న ఎప్పుడూ పేదవాడికే. అయితే మన వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త ఉండాలి. వాళ్ళు నమ్మకం కోసం పోగొట్టుకున్నది చూస్తే వాళ్ళ చిత్తశుద్ధి తెలుస్తుంది. బైబిలు నిజమని దానివల్ల తెలియదు. అలాగే నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అది ఆయన చిత్తశుద్ధి. దేవుడు లేడనడానికి అది సాక్ష్యం కాదు.

మరి నిజమా కాదా అన్నది ఒక్కటే ప్రశ్నా? ఇక్కడే అంబేద్కర్ గారిని చదవాలి. హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని ఆయన యేవలాలో ప్రకటించింది 1935 అక్టోబరు 13న. నాగపూరులో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో 21 ఏళ్ళు. కోపంతో ఒక మతం వదలడానికి ఒక్కరోజు చాలు, కారణాలు చూసుకుని ఇంకోటి ఎంచుకోవడానికి అంత కాలం పట్టింది. బుద్ధుడి గురించి 1950లో రాసిన వ్యాసంలో మతానికి ఆయన కొన్ని పరీక్షలు పెట్టారు. అది విజ్ఞానంతో, బుద్ధితో పొసగాలి. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను ఒప్పుకోవాలి. పేదరికాన్ని పవిత్రం చేయకూడదు. మొదటిది ‘ఇది నిజమేనా?’ అనే ప్రశ్న. మిగిలినవి ‘ఇందులో మనిషిగా బతకగలనా?’ అనే ప్రశ్న. రెండూ అడగాల్సినవే. ఒకదాని జవాబు తెచ్చి ఇంకోదానికి అతికించకూడదు.

మేం ఎరిగిన ఒక తల్లి ఉంది. కూలిపని చేస్తుంది, సంతకం రాదు. కొడుకు పీజీలో చేరాక దేవుడి విషయంలో ఆమెతో వాదించాడు. ఆమె అంతా విని, “దేవుడు నీ లెక్కలో ఉన్నాడో లేడో నాకు తెలియదు నాయనా. మీ నాన్న పోయినప్పుడు నలభై రోజులు మన ఇంట్లో పొయ్యి వెలిగించింది సంఘం ఆడోళ్ళు. వాళ్ళను వదిలి నేను ఎక్కడికి పోను?” అంది. కొడుకు అడిగింది మొదటి ప్రశ్న, ఆమె చెప్పింది రెండో ప్రశ్నకు జవాబు. ఇద్దరూ పొరబడలేదు, వాదన మాత్రం ముందుకు కదల్లేదు.

ఆ తల్లి ఏ ఊరో, ఎవరో రాయలేం. ఎందుకో మీకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే షెడ్యూల్డు కులం గుర్తింపు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సి అంటారు. పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారినట్టు చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. మనం ఈ వ్యాసంలో వేసుకుంటున్న ప్రశ్ననే కోర్టు కూడా వేసింది: నీ నమ్మకం నిజమైనదేనా? కాకపోతే అక్కడ జవాబుకు ఒక సర్టిఫికెట్టు వేలాడుతూ ఉంటుంది. ఆదివారం ప్రార్థనకు వెళ్ళి, పోలేరమ్మ కొలుపుకు చుట్టాలను పిలిచే ఇళ్ళు మన పల్లెల్లో ఎన్ని లేవు? ఆ మనసును దరఖాస్తులోని ఒక గడిలో ఎలా రాయాలి? మతం మారినా వాడ మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు. మనం మనస్ఫూర్తిగా ఆలోచించుకోవడానికి కూడా భయపడాల్సి రావడం ఈ చట్టం వల్ల మనకు జరిగిన నష్టాల్లో ఒకటని మా అభిప్రాయం.

అందుకే ఈ ప్రశ్నలకు మీ జవాబులు కాగితం మీద రాయమని అడగడం లేదు. సంక్రాంతి సెలవులకు ముందు ఒక ఆదివారం మేం హాస్టలుకు వస్తున్నాం. సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక డాబా మీద కూర్చుందాం. నమ్మేవాళ్ళు తమ నమ్మకానికి అన్నింటికన్నా బలహీనమైన ఆధారం ఏదో చెప్పాలి, నమ్మనివాళ్ళూ అంతే. ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు అది ముగించుకునే రండి, తొందర లేదు.