కనబడని లేయర్‌ను లాగి సరిపెట్టొద్దు



తుగ్గలి పొలాల హద్దుల లేయర్‌ను క్యూజీఐఎస్‌లో తెరిస్తే తెర ఖాళీగా ఉంటోందని రాశావు. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ వేసుకోమని ఒకరు, లేయర్‌ను జరిపి ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టమని ఇంకొకరు చెప్పారన్నావు. రెండూ వద్దు. లేయర్ ఎందుకు కనబడటం లేదో తేలకముందు చేసే ఏ సవరణైనా అసలు తప్పును కప్పిపెడుతుంది. తేల్చుకోవడం కూడా పెద్ద పనేం కాదు. ముందు అట్రిబ్యూట్ టేబుల్ తెరువు. సర్వే నంబర్లు వరుసగా కనిపిస్తే డేటా ఉన్నట్టే. వరుసలు తగ్గితే ఎక్కడో ఫిల్టర్ పెట్టి ఉంటారు. ఆ తర్వాత లేయర్ మీద కుడి క్లిక్ చేసి ‘జూమ్ టు లేయర్’ నొక్కు. మ్యాపు తుగ్గలి దగ్గరే నిలిచి, గీతలు మాత్రం రాకపోతే లోపం చూపించే తీరులో ఉంది: డ్రోన్ చిత్రం పైన ఉండి హద్దులను కప్పేసి ఉండొచ్చు, ఫలానా స్కేలు దాటితే దాచమని సెట్టింగు ఉండొచ్చు, స్టైల్‌లోని విలువలు టేబుల్‌లోని విలువలతో కలవకపోయి ఉండొచ్చు. ఇవన్నీ నిమిషాల్లో సర్దుకునేవి.

మ్యాపు ఇంకెక్కడికో పోతే మాత్రం విషయం వేరు. అది ఎక్కడికి పోయిందన్నదే కారణాన్ని చెబుతుంది. తుగ్గలి సుమారు 15.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండంకెలు తారుమారైతే పొలాలు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలతాయి. డిగ్రీలను మీటర్లనుకుని వెబ్ మెర్కేటర్‌లో చదివితే మండలమంతా చిన్న చుక్కగా ముడుచుకుని ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో పడుతుంది. మన కర్నూలు జిల్లాకు మరో చిక్కు ఉంది. యూటీఎం కొలత పద్ధతిలో 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖ కర్నూలు పట్టణానికి కాస్త పడమరగా పోతుంది. అందుకే కర్నూలు 44లోకి వస్తే ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, తుగ్గలి 43లో ఉంటాయి. జోన్ 43లో తుగ్గలి ఈస్టింగ్, అంటే తూర్పు దిశ కొలత, సుమారు 7 లక్షల 70 వేల మీటర్లు. అదే చోటును జోన్ 44లో కొలిస్తే లక్షా పాతిక వేల దాపు వస్తుంది. 7 లక్షల 70 వేల అంకె ఉన్న ఫైలును జోన్ 44దని చెబితే, మన మెట్ట పొలాలు విశాఖకు దక్షిణాన నడి బంగాళాఖాతంలో కనబడతాయి. కాబట్టి లేయర్ ప్రాపర్టీస్‌లో ఎక్స్‌టెంట్ అంకెలు చూస్తే తప్పు ఏ రకానిదో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

వేర్వేరు జోన్ల లేయర్లను సాఫ్ట్‌వేరే అప్పటికప్పుడు కలిపి చూపిస్తుంది కదా, ఇంత తలనొప్పి ఎందుకని అడగొచ్చు. చూపిస్తుంది, కానీ ప్రతి ఫైలూ తన సీఆర్ఎస్‌ను, అంటే అంకెలు ఏ కొలత పద్ధతిలో ఉన్నాయో, సరిగ్గా చెప్పుకున్నప్పుడే. షేప్‌ఫైల్‌తో పాటు పీఆర్‌జే ఫైలు రాకపోతే ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టి మనల్ని అడుగుతుంది. అక్కడే చాలామంది పొరబడతారు. ‘సెట్ లేయర్ సీఆర్ఎస్’ అంకెలను మార్చదు, ఆ అంకెలు ఏ పద్ధతివో చెబుతుంది. అంకెలనే మార్చి కొత్త ఫైలు రాసేది ‘రీప్రొజెక్ట్ లేయర్’. వేరుశనగ మూట మీద పత్తి విత్తనాల చీటీ అంటించినంత మాత్రాన లోపలి గింజ మారదు. ముందు అసలు సీఆర్ఎస్ ఏదో సరిగ్గా చెప్పి, అవసరముంటే ఆ తర్వాతే రీప్రొజెక్ట్ చెయ్యాలి. ఈ వరుస తిరగబడితే తప్పు కొత్త ఫైలులోకి కూడా ఎక్కుతుంది.

చేత్తో జరిపితే పని తొందరగా అయిపోతుందన్నది మరో వాదన. తెర మీద అయినట్టే ఉంటుంది. కానీ జోన్ తేడా వల్ల వచ్చే తప్పు ఒక్క పక్కకు జరగడంతో ఆగదు, ఆకారం కాస్త తిరుగుతుంది కూడా. ఒక మూల కలిపితే ఇంకో మూల తేలిపోతుంది. పైగా దేని మీద కూర్చోబెడుతున్నావో ఆ ఉపగ్రహ చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు ఉండొచ్చు. ఎవరెస్ట్ డేటమ్ మీద గీసిన పాత టోపోషీట్‌ను డబ్ల్యూజీఎస్ 84 అనుకుంటే తేడా వంద మీటర్లు దాటుతుంది. మెట్ట భూమిలో నాలుగు మీటర్లకు ఏమవుతుందిలే అనేవాళ్లూ ఉంటారు. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు తెచ్చిందే హద్దును అంకెలతో నిలబెట్టడానికి. ఒక సర్వే నంబరును నాలుగు మీటర్లు జరిపితే పక్క రైతు గట్టు దాటినట్టే. రేపు రోవర్‌తో ఎవరైనా ఆ మూల వెతికితే గొడవ పొలంలో మొదలవుతుంది, సమాధానం మాత్రం నువ్వు చెప్పాలి.

కాబట్టి నాయనా, అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు తీసుకో. ఎక్స్‌టెంట్ అంకెలు చూసి జోన్ తేల్చు. సీఆర్ఎస్ సరిచేశాక రోవర్‌తో కొలిచిన రెండు మూడు మూలలతో పోల్చు. కలవకపోతే ఆ డేటా ఇచ్చినవాళ్లను దాని సీఆర్ఎస్, డేటమ్ ఏవని అడుగు. అడగడం నామోషీ కాదు. ఏం మార్చావో ఫైలు పక్కనే రెండు ముక్కలు రాసిపెట్టు. నీ తర్వాత ఆ సీటులోకి వచ్చేవాళ్లకు మ్యాపుతో పాటు అది ఎందుకు సరైనదో కూడా తెలియాలి.

ఇట్లు,
నీ పెద్దనాయన