పల్లికాయ పుట్టిల్లు ఎక్కడ?

ఒక ఆదివారం పొద్దున మేము ఇడ్లీ, పల్లి చట్నీ తింటుండగా ట్యూషన్ చెప్పే సైన్సు సారు వచ్చి "పల్లి పుట్టిల్లు ఏది?" అని అడిగారు. సగం మందిమి గద్వాల అన్నాం, సగం మందిమి వనపర్తి అన్నాం. మార్కెట్లో బస్తాలు చూస్తూ పెరిగినవాళ్లం మరి! సారు నవ్వి గ్లోబులో దక్షిణ అమెరికా మీద వేలు పెట్టారు.

ఆ రోజు చాలా పేర్లు తారుమారయ్యాయి. చట్నీలోని మిరప అమెరికాది. చారులోని చింతపండు, మన జొన్న ఆఫ్రికావి. బాలానగర్ పేరుతోనే ఒక రకం ఉన్న సీతాఫలం కూడా అమెరికా నుంచే వచ్చిందట. ఇది మాత్రం మాకు నమ్మబుద్ధి కాలేదు. కంది ఒక్కటి మన దేశంలోనే పుట్టిందని తెలిసి కొంచెం ఊరట కలిగింది.

ఏ మొక్క, ఏ జంతువు ఎక్కడ ఉంటుంది, అక్కడే ఎందుకు ఉంటుంది అని పరిశీలించేదే జీవభూగోళ శాస్త్రం. వాతావరణం ఒక్కటే కారణమైతే ఒకే రకం ఎండావానలున్న చోట్ల ఒకే రకం జీవులు ఉండాలి. కానీ 1856లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఇండోనేషియాలోని బాలి దీవి నుంచి లంబోక్ దీవికి వెళ్లినప్పుడు పక్షులే మారిపోయాయి. బాలిలో ఆసియా పక్షులు, లంబోక్‌లో ఆస్ట్రేలియా తరహా కాకటూ చిలుకలు. మధ్యనున్న సముద్రం మన బస్సు గంటలో దాటేంత వెడల్పే. కానీ చాలా లోతు. సముద్ర మట్టం తగ్గిన మంచుయుగాలలో కూడా అక్కడ నేల తేలలేదు, జంతువులకు దారి దొరకలేదు.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే చూడండి. వేగిస, ఎర్రచందనం ఒకే ప్రజాతి చెట్లు, అంటే అన్నదమ్ముల వంటివి. వేగిస దేశంలో చాలా అడవుల్లో ఉంది. ఎర్రచందనం మాత్రం సహజంగా శేషాచలం, లంకమల, వెలిగొండ వంటి తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే పెరుగుతుంది. ఆ కొండల దగ్గరి పొదల్లోదే కలివికోడి. 1848లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దానికి పలుచని పొదలే కావాలి. పొదలు నరికేసినా, మరీ దట్టంగా పెరిగినా అది ఉండలేదు. వేగిస ఒక అడవిలో పోతే ఇంకో అడవిలో ఉంటుంది, కలివికోడికి ఆ వెసులుబాటు లేదు.

చిత్రమేమిటంటే, 1870లలో జమైకా నుంచి సర్కారు తుమ్మ విత్తనాలు తెప్పించి నాటింది కూడా ఆ కడప జిల్లాలోనే. వంటచెరకు కోసమని తెచ్చారు. గొర్రెలు, మేకలు తియ్యటి కాయలు తిని, పెంటికలతో విత్తనాలను ఊరూరా చల్లాయి. ఇప్పుడు మన చెరువు కట్టల మీద అదే. కింద గడ్డి మొలవనివ్వదు. మాలో గొర్రెలు కాసే ఇళ్ల పిల్లలకు ఈ సంగతి సారు చెప్పకముందే తెలుసు.

మేము కొత్తకోట చుట్టుపక్కల చెట్ల పట్టిక ఒకటి మొదలుపెట్టాం. ఇప్పటికి నలభై ఒక్క పేర్లయ్యాయి. పూర్వ విద్యార్థులైన అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు, తమ రోజుల్లో ఉండి ఇప్పుడు కనబడని చెట్ల పేర్లు మాకు చెప్పాలని కోరుతున్నాం. ఆ పేజీ ఖాళీగా ఉంచాం.